బెల్ హుక్స్ మీ వైపు లేరు

ప్రశ్న: మేము హ్యూస్టన్‌కు వచ్చి ఇరవై నాలుగేళ్లు. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఇప్పుడు వేరే ఊళ్లో కాలేజీలో మూడో సంవత్సరం చదువుతోంది. నల్లజాతి స్త్రీవాదం మీద ఒక కోర్సు తీసుకుని, గాయని బియాన్సే 2016లో తెచ్చిన ‘లెమనేడ్’ ఆల్బమ్ గురించి వ్యాసం రాస్తోంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర కూడా అదే మాట. నాకు ఒళ్లు మండి, ‘మొగుడు చేసిన మోసాన్ని పాటలు కట్టి అమ్ముకుంది, చివరికి ఆయన పంచనే చేరింది. ఇందులో స్త్రీవాదం ఎక్కడుంది? మేమూ సర్దుకుపోయాం, ఊరందరికీ పాడి వినిపించలేదు’ అన్నాను. పిల్ల కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయింది. తర్వాత వెతికితే, బెల్ హుక్స్ అనే పేరున్న నల్లజాతి స్త్రీవాది కూడా ఆ ఆల్బమ్‌ను గట్టిగా విమర్శించారని తెలిసింది. ఆ వ్యాసం అమ్మాయికి పంపి, ‘చూడు, మీ పెద్దావిడే ఏమన్నారో’ అని రాశాను. ‘ఆవిడ అన్నదీ నువ్వన్నదీ ఒకటి కాదు’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. పది రోజులైంది, ఫోను ఎత్తడం లేదు. నేను చేసిన తప్పేమిటి?

— ఒక తల్లి, హ్యూస్టన్

సమాధానం:

తప్పొప్పుల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ అమ్మాయి రాసిన ఆ ఒక్క ముక్క గురించి. అది అక్షరాలా నిజం. బెల్ హుక్స్ మీ వైపు లేరు. అలాగని బియాన్సే వైపూ లేరు.

ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతాను. పంపడానికి ముందు ఆ వ్యాసాన్ని మీరు చివరిదాకా చదివారా? నాకు వచ్చే ఉత్తరాల్లో సగం గొడవలు, చివరిదాకా చదవకుండా ఒకరు మరొకరి మొహాన విసిరిన కాగితాల వల్ల పుట్టినవే.

బెల్ హుక్స్ అసలు పేరు గ్లోరియా జీన్ వాట్కిన్స్. కెంటకీ రాష్ట్రంలో 1952లో పుట్టి, 2021 డిసెంబరులో పోయారు. ముత్తమ్మమ్మ పేరునే కలంపేరుగా పెట్టుకుని, తనకంటే తన మాటే ముందుండాలని దాన్ని చిన్న అక్షరాలతో రాసుకునేవారు. తెలుగులో రాసేటప్పుడు మనం ఆ మర్యాద పాటించలేం, మన లిపిలో పెద్దా చిన్నా లేవు కదా. ఆమె ‘లెమనేడ్’ మీద వ్యాసం రాసింది 2016 మేలో, ఆల్బమ్ వచ్చిన రెండు వారాలకే. అందులో మొదటి దెబ్బ డబ్బు మీద. ఇది పెట్టుబడిదారీ వ్యాపారం అత్యంత నేర్పుగా చేసిన సరుకు అంటారు. ఆ మాట మీకు కమ్మగా వినిపించి ఉంటుంది. ఆల్బమ్ అమ్మిన తీరు చూస్తే ఆమెను తప్పుపట్టడం కష్టం కూడా. భర్త వల్ల గాయపడిన భార్య పాటలను స్ట్రీమింగ్‌లో వినాలంటే, మొదటి మూడేళ్లూ ఆ భర్త జే జీ ముందుండి నడిపించిన టైడల్ అనే పాటల సేవకే వెళ్లాలి. కన్నీళ్లకు కూడా చందా కట్టాలన్నమాట.

కానీ ఆ తర్వాతి పేరాలు మీరు దాటేసి ఉంటారని నా అనుమానం. ఆల్బమ్‌తోపాటే ఒక చిత్రం కూడా వచ్చింది. అందులో నల్లజాతి ఆడవాళ్లను ఇంతమందిని, ఇంత అందంగా, ఇంత నిబ్బరంగా ఒకేచోట నిలబెట్టి, కనిపించకుండా పోవడానికీ నోరు మూసుకోవడానికీ వాళ్లు నిరాకరించినట్టు చూపడం చిన్న పని కాదని హుక్స్ ఒప్పుకుంటారు. ఆ తర్వాతే నిలదీస్తారు. ఈ బాధ ఇంత సొంపుగా ఉండటం వల్ల ఎవరికి మేలు? కోపంతో అద్దాలు పగలగొట్టినంత మాత్రాన ఆడదానికి బలం వస్తుందా? అన్నిటికంటే ముఖ్యం, మగవాడు మారాల్సిన పని ఎవరు చేస్తారు? నల్లజాతి స్త్రీల మనసుకు తగులుతున్న దెబ్బలు ఆగాలంటే మగవాళ్లు లోపలా బయటా మారాలని, ఈ చిత్రంలో ఆ మార్పు జాడే లేదని ఆమె ఫిర్యాదు.

చూశారా? మీరు ‘ఆమె ఎందుకు తిరిగి చేరింది’ అన్నారు. హుక్స్ ‘అతను ఏం చేశాడు’ అన్నారు. మీ ప్రశ్న భార్యను నిలబెట్టి అడిగింది, ఆమె ప్రశ్న భర్తను. రెండూ ఒకే ఆల్బమ్ మీద విమర్శలే కావచ్చు, కానీ ఒకటి ఆడవాళ్ల కంచాల మీదికి వస్తుంది, రెండోది మగవాళ్ల కుర్చీ కిందికి. మీ అమ్మాయి ‘ఒకటి కాదు’ అన్నది దీన్నే.

ఇప్పుడు ఆ చిత్రం సంగతి. మీరు పాటలు విన్నారేమో, చూసినట్టు లేదు. 2016 ఏప్రిల్ 23న హెచ్‌బీఓలో వచ్చిన ‘లెమనేడ్’ గంటా అయిదు నిమిషాల చిత్రం. పదకొండు అధ్యాయాలు. అనుమానంతో మొదలై, కోపం, శూన్యం, క్షమ మీదుగా సాగుతుంది. వాటి మధ్యలో బియాన్సే గొంతులో కవిత్వం వినిపిస్తుంది. ‘ఆమె సొంత గోడు’ అని అందరూ అనుకునే ఆ మాటల్లో చాలాభాగం ఆమె రాసినవి కావు. కెన్యాలో సోమాలీ తల్లిదండ్రులకు పుట్టి లండన్‌లో పెరిగిన వార్సన్ షైర్ అనే కవయిత్రి రాసినవి. నాకు ఈ సంగతి తెలిసిన రోజు, ఇది కేవలం ఒక పెద్దింటి పడకగది కథ అనుకోవడం మానేశాను. ఇంకొకరి బాధలో తన మాట వెతుక్కునే పని మన వ్రత కథల్లోనూ జరుగుతుంది. చదివేది ఒకరు, కథ ఇంకొకరిది, కళ్లు తుడుచుకునేది వింటున్న మరొకరు.

పసుపు గౌను సన్నివేశం ఒకటి ఉంది. ఆల్బమ్ మీద జరిగిన తగవులో సగం దాని గురించే. పెద్ద తలుపులు తెరుచుకుంటాయి, మెట్ల మీదుగా నీళ్లు దూకుతూ వస్తాయి, ఆ నీళ్లలోంచి కుచ్చుల పసుపు గౌనుతో ఆమె నడిచి వస్తుంది. చేతికి ఒక బేస్‌బాల్ బ్యాటు దొరుకుతుంది. నవ్వుతూ, పిల్లలు గంతులేసినట్టు వీధిలో నడుస్తూ ఆగి ఉన్న కార్ల అద్దాలు పగలగొడుతుంది. చివరికి వీధిలోని నిఘా కెమెరాను కూడా ఒక్కటి వేస్తుంది. హుక్స్‌కు ఇందులో కనిపించింది హింసకు తొడిగిన ఖరీదైన గౌను. ఇతర నల్లజాతి స్త్రీవాదులకు కనిపించింది వేరు. పసుపు రంగు, మంచినీళ్లు, నవ్వు, ఆ నవ్వు వెనక ముంచేసే ఆగ్రహం, ఇవన్నీ పశ్చిమ ఆఫ్రికాలో యోరుబా ప్రజలు కొలిచే నదీదేవత ఓషున్ లక్షణాలు. ఆ దేవత బానిస ఓడల్లో వచ్చినవాళ్లతోపాటు సముద్రం దాటింది. శాంతించిన అమ్మవారినీ ఉగ్రరూపాన్నీ ఒకే గుడిలో చూసిన మనకు ఇది అర్థం కాకపోవడానికి లేదు.

ఇంకో సంగతి. అమెరికాలో నల్లజాతి స్త్రీ కోపానికి ఒక ముద్ర సిద్ధంగా ఉంటుంది. గయ్యాళి, ఎప్పుడూ అరుస్తుంది, మాట వినదు. ప్యాట్రీషియా హిల్ కాలిన్స్ అనే సమాజశాస్త్రవేత్త 1990లో వచ్చిన తన పుస్తకంలో ఇలాంటి ముద్రలను అదుపులో పెట్టే బొమ్మలు అన్నారు. తెల్లవాళ్ల ఇంటి పిల్లల్ని పెంచే విధేయురాలైన ఆయా, మగవాణ్ణి అణిచేసే తల్లి, ప్రభుత్వ సాయం మీద బతికే ఆడది, కామం తప్ప ఏమీ లేనిది. ఈ బొమ్మల చట్రంలో బిగించిన మనిషికి నవ్వుతూ కోప్పడే హక్కు కూడా ఒక విడుదలే అని కొందరు వాదించారు. హింసను అందంగా చూపితే, పెత్తనం కోసం హింసకు దిగినా ఫరవాలేదన్న ధోరణి చెక్కుచెదరదని హుక్స్ భయం. నన్నడిగితే ఆ సన్నివేశం విషయంలో నేను హుక్స్‌తో లేను. బ్యాటు చూసి భయపడాల్సినంతగా అందులో దెబ్బ తగిలిన మనిషి ఎవరూ లేరు, ఉన్నవి కార్లు. మగవాడి మార్పు గురించిన ప్రశ్నలో మాత్రం పూర్తిగా ఆమెతోనే ఉన్నాను. ‘శాండ్‌కాజిల్స్’ పాటలో జే జీ కనిపిస్తాడు. ఆమె ఒడికి దగ్గరగా తల వాల్చి కూర్చుంటాడు, ఆమె కాలి మడమ దగ్గర ముద్దు పెడతాడు. అంతే. పాటంతా ఆమెదే, ఏడుపూ ఆమెదే, గొంతు బొంగురుపోవడమూ ఆమెదే. అతని నోటి నుంచి క్షమాపణ రావడానికి మరుసటి ఏడాది జూన్ దాకా పట్టింది. అప్పుడు తన సొంత ఆల్బమ్‌లో పాట కట్టి చెప్పుకున్నాడు. అదీ అమ్మకానికే అని మీరంటారు. అనండి, ఈసారి నేను అడ్డం రాను.

హుక్స్ వ్యాసం రాగానే ఆమె పుస్తకాలు చదువుకుని పెరిగిన తరమే ఆమెకు జవాబు చెప్పింది. రచయిత్రి జానెట్ మాక్ లాంటివాళ్లు, అలంకరించుకునే ఆడవాళ్ల ఆలోచనను తక్కువగా చూడటం ఎప్పటి జబ్బో, మీరు కూడా అదే చేస్తే ఎలా అని అడిగారు. ‘మీవల్లే ఈ మాటలు నేర్చుకున్నాం, ఆ మాటలతోనే మిమ్మల్ని కాదంటున్నాం’ అన్న ధోరణి. కాండిస్ బెన్‌బో అనే యువ రచయిత్రి మరో పని చేశారు. ఈ చిత్రం చూసి కదిలిన ఆడవాళ్లు ఆ తర్వాత ఏం చదవాలో సామాజిక మాధ్యమాల్లో అడిగి, నల్లజాతి స్త్రీల నవలలు, కవిత్వం, చరిత్ర, వేదాంతం, పాటలు, సినిమాలు అన్నీ కలిపి రెండు వందలకు పైగా రచనలతో ఒక పాఠ్యప్రణాళిక కూర్చారు. ఒక పాటల ఆల్బమ్ మీద జరిగిన తగవు ఒక బీరువాడు పుస్తకాలను బయటికి తెచ్చింది. మీ అమ్మాయి చదువుతున్న కోర్సులో వాటిలో కొన్నయినా ఉండి ఉంటాయి.

అందుకే ఆమెకు మీరు పంపిన లింకు తగిలింది. అది వాళ్లింట్లో వాళ్లు ఒకరినొకరు ఎంతో కావాలనుకుని పడ్డ తగవు. పొరుగింటావిడ గోడ మీదుగా విని, ‘మీ అత్తగారే మిమ్మల్ని ఇలా అన్నారట’ అని మోసినట్టయింది. అయినా ఇది మీ అమ్మాయి ఇల్లు కూడా కాదు కదా అంటారా? నిజమే. ఆమె కూడా అక్కడ అతిథే. ఆ ఒక్క విషయంలో ఆమెకూ ఎవరో గుర్తు చేయాల్సి రావచ్చు, కానీ ఇప్పుడు మీరు కాదు. మన తెలుగులో జూపాక సుభద్ర, గోగు శ్యామల వంటి దళిత రచయిత్రులు ‘మీరు చెప్పే స్త్రీలో మేమున్నామా’ అని స్త్రీవాదులను అడిగినప్పుడు ఎంతమంది నొచ్చుకున్నారో, ఎంతమంది విన్నారో చూసినదాన్ని. ఆ తగవులో ఏ వైపు మాటనైనా పట్టుకుపోయి స్త్రీవాదమంటేనే గిట్టని మగవాళ్లు పండగ చేసుకోవడమూ చూశాను. తెలిసో తెలియకో మీరు కూడా ఆ పండగకు పిండి కలిపారు.

ఇక మీ అసలు అభ్యంతరం. మీకు కష్టం కలిగించింది క్షమించడం కాదు, చెప్పుకోవడం. ఇంటి గుట్టు లంకకు చేటు అని విని పెరిగాం. విచిత్రం ఏమిటంటే నల్లజాతి స్త్రీలకు ఈ నీతి మనకంటే బాగా తెలుసు. డార్లీన్ క్లార్క్ హైన్ అనే చరిత్రకారిణి 1989లో ఒక వ్యాసం రాశారు. దక్షిణాది నుంచి ఉత్తరాదికి వలస వచ్చిన నల్లజాతి స్త్రీలు, బయట తెల్లవాళ్ల నుంచి అత్యాచార భయం, ఇంట్లో దెబ్బల మధ్య బతుకుతూ, అన్నీ విప్పి చెబుతున్నట్టు కనిపిస్తూనే తమ లోపలి బతుకును ఎవరికీ చిక్కకుండా దాచుకోవడం అలవాటు చేసుకున్నారని అందులో చూపారు. ఆ దాపరికం వాళ్లకు కవచం. నల్ల మగవాడి మీద పోలీసూ కోర్టూ పత్రికా ఒక్కటై విరుచుకుపడే దేశంలో ‘మా ఆయన నన్ను మోసం చేశాడు’ అనడం జాతి ద్రోహం కిందికి వచ్చేది. కవచం మోసీ మోసీ ఒళ్లు పుండైనా విప్పకూడదు. మరి అంత పేరున్న మనిషి అంతమంది ముందు దాన్ని విప్పితే, వెనక ఉన్నవాళ్లు ఊపిరి పీల్చుకోవడంలో వింతేముంది?

కలిసి ఉండటం కూడా అక్కడ మనం అనుకునే సర్దుబాటు ఒక్కటే కాదు. బానిసత్వం రోజుల్లో వాళ్ల పెళ్లికి చట్టంలో విలువ లేదు. మొగుణ్ణి ఒక జిల్లాకు, పెళ్లాన్ని మరో జిల్లాకు, బిడ్డల్ని ఇంకెక్కడికో అమ్మేవారు. చిత్రంలో లూసియానాలోని పాత తోట బంగళాల వసారాల్లో నల్లజాతి ఆడవాళ్లు రాణుల్లా కూర్చుని ఉంటారు. ఒకప్పుడు వాళ్ల పూర్వీకులు చెమటా నెత్తురూ ధారపోసిన చోటు అది. ఇప్పుడు ఆ ఇంట్లో తెల్ల యజమాని లేడు, మాట్లాడరు, వడ్డించరు, ఊరికే కూర్చుంటారు. ఇంకాస్త ముందుకు వెళితే ముగ్గురు తల్లులు కనిపిస్తారు. ఫ్లోరిడాలో 2012లో తుపాకీ కాల్పులకు బలైన పదిహేడేళ్ల ట్రేవాన్ మార్టిన్ తల్లి, న్యూయార్క్‌లో 2014లో పోలీసు చేతుల్లో ఊపిరాడక చనిపోయిన ఎరిక్ గార్నర్ తల్లి, అదే ఏడాది ఫెర్గూసన్‌లో పోలీసు కాల్పుల్లో పోయిన మైకేల్ బ్రౌన్ తల్లి. ఒక్కొక్కరూ కొడుకు ఫోటో పట్టుకుని కూర్చుంటారు. మొగుడూ పెళ్లాల కథ మధ్యలో వీళ్లెందుకు అని మొదటిసారి చూసినప్పుడు నేనూ అనుకున్నాను. ఇల్లు నిలబడటం అనే మాటకు అక్కడ ఎంత ఖరీదుందో ఆ ఫోటోలు పట్టుకున్న చేతుల్లో తెలుస్తుంది. ఇంత చెప్పినా ‘క్షమించడమే విముక్తా’ అన్న హుక్స్ ప్రశ్న చావదు. చావకూడదు కూడా.

ఇప్పుడు మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం దగ్గరికి వస్తాను. ‘మేమూ సర్దుకుపోయాం.’ ఆల్బమ్ గురించి మీరు బోలెడు మాటలు రాశారు, దీన్ని మాత్రం నాలుగు మాటల మధ్య ఇరికించి వెళ్లిపోయారు. మీ అమ్మాయి లేచి వెళ్లింది బియాన్సేని అన్నందుకని మీరు అనుకుంటున్నారు. ఇరవై ఏళ్ల పిల్ల అన్నం తింటూ, తన తల్లి ఏదో దిగమింగిందని మొదటిసారి విన్నది. అదీ ఎత్తిపొడుపుగా, ఇంకొకరిని తిట్టే మాటలో భాగంగా. మీరేం సర్దుకున్నారో నాకు తెలియదు, నాకు రాయనక్కర లేదు. ఆమెకైనా చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. దాచుకోవడం కూడా మీ హక్కే అని పైన హైన్ చెప్పిన కథలోనే ఉంది. కానీ సగం చెప్పి, ఆ సగాన్ని కర్రలా వాడటం మాత్రం బాగాలేదు. మీరడిగిన తప్పు అదే.

ఆల్బమ్ పేరెలా వచ్చిందో తెలుసా? జే జీ అమ్మమ్మ హ్యాటీ వైట్ తన తొంభయ్యో పుట్టినరోజున, బతుకు నాకు నిమ్మకాయలు ఇచ్చింది, నేను షర్బత్ చేసుకున్నాను అన్నట్టుగా మాట్లాడిన వీడియో చిత్రంలో ఉంది. దానికి ముందు బియాన్సే గొంతులో అమ్మమ్మల నాటి షర్బత్ చేసే పద్ధతి వస్తుంది. ఎనిమిది నిమ్మకాయల రసం, అరపౌను చక్కెర, సగం కాయ తొక్క తురుము. ఒక కూజా నుంచి మరో కూజాలోకి మన టీ కొట్టు కుర్రాడు తిరగబోసినట్టు పోసి, శుభ్రమైన గుడ్డలో వడకట్టాలి. భర్త చేసిన గాయం గురించి తీసిన చిత్రానికి ఆ భర్త అమ్మమ్మ మాటే పేరు పెట్టింది. అత్తింటి ముసలావిడ కోడలి పక్షాన నిలబడ్డట్టు నాకు తోచింది. ఇది నా ఊహే, హుక్స్ ఒప్పుకునేవారు కాదేమో.

చేయాల్సిన పని ఇది. బియాన్సే పుట్టి పెరిగింది మీ హ్యూస్టన్‌లోనే, థర్డ్ వార్డ్ ప్రాంతంలో. ఇరవై నాలుగేళ్లలో మీరు ఆ వీధుల్లోంచి ఎన్నిసార్లు కారులో వెళ్లి ఉంటారో. ఈ ఆదివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ గంటా అయిదు నిమిషాలూ ఒక్కరే కూర్చుని చూడండి. చేతిలో వేరే పని పెట్టుకోకండి, కూరలు తరుగుతూ చూసే చిత్రం కాదు. ఎక్కడో ఒకచోట ఆపాలనిపిస్తుంది, ఆపండి. ఆ తర్వాత అమ్మాయికి ఫోను చేయవద్దు, వ్యాసాలూ లింకులూ అసలే వద్దు. ‘నేను ఫలానా చోట ఆపేశాను, నువ్వెక్కడ ఆపావు?’ అని ఒక్క వాక్యం రాయండి. ఆపిన చోటు మాత్రం నిజమైనదే రాయండి. ఆమె ఆ చిత్రాన్ని ఎన్నిసార్లు చూసిందో మీకు తెలియదు, అబద్ధమైతే వెంటనే పట్టేస్తుంది.